పరాగ్వే నీళ్ళు

"నవ్వుతాండే ఫొటో ఒకటి తీయప్పా. పెద్దది చేసి పటం కట్టించల్ల" అంది అత్త, మా స్టూడియోలో స్టూలు మీద కూలబడుతూ.

మామ పోయి ఇంకా వారం కాలేదు. కంప్యూటర్లో ఆయన ఫోల్డరు తెరిచాను. ధర్మవరంలో నేను ఎన్నో పెళ్ళిళ్ళు తీశాను గానీ, ఏ పెళ్ళికొడుక్కీ ఇన్ని ఫొటోలు లేవు. కెనడా అని ఒకటి, న్యూజిలాండ్ అని ఒకటి, పోర్చుగల్ అని రెండు. ఒక్కో దేశానికి ఒక్కో సైజు. తెరిచినవన్నింట్లోనూ అదే తెల్లగోడ, అవే రెండు చెవులు, అదే బిగపట్టిన మూతి. అత్త కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే చూసింది.

"ఒక్కదాంట్లోనన్నా నవ్వలేదే ఈ మొగోడు!"

"వీసా ఫొటోలత్తా. నవ్వితే తీసుకోరు."

"ఏం, వాళ్ళ సొమ్మేం పోతాది?" అంది. అచ్చం మామ కూడా ఇదే మాట అనేవాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మామ అంటే నాకు చుట్టం కాదు. నా స్టూడియోకి ఎదురుగా ఆయన జరీ అంగడి. నేతగాళ్ళకు జరీ, పట్టునూలు అమ్మేవాడు. వీధి మొత్తానికి ఆయన మామ, ఆయన భార్య అత్త. పిల్లలు లేరు. ఇల్లు అంగడి వెనకే. ఏ బట్ట కనిపించినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడందే ఆయనకు తోచేది కాదు. నేను కొత్త చొక్కా వేసుకుని పలకరిస్తే ముందు చొక్కా అంచు నలిపి, "రెండు ఉతుకులప్పా దీని బతుకు" అని, తర్వాతే "కాఫీ తాగినావా?" అనేవాడు. వాదనలో ఓడిపోతున్నాడని తెలియగానే చెయ్యి అడ్డం తిప్పి "అది అట్లుంచు" అనేవాడు. అంతటితో ఆ వాదన ఖతం. తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా దాన్ని మళ్ళీ ఎత్తలేడు.

ఇంకొక గుణం ఉంది, దాని వల్లే ఈ కథంతా. ఎవరేమన్నా ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకునేవాడు. గిరాకీలు సరుకు బేరమాడి, తప్పించుకోవడానికి "మళ్ళ వస్తాంలే" అనిపోతారు కదా, ఈయన "ఎప్పుడు?" అని అడిగేవాడు. వాళ్ళు ఏదో నోటికొచ్చి "సాయంత్రం" అంటే, పాపం, దీపాలు పెట్టినాక కూడా తలుపు తెరుచుకుని కూర్చునేవాడు. "వస్తామన్నారు గదప్పా" అనేవాడు నాతో. ఇట్లాంటి మనిషిని పట్టుకుని ఒకడు ఒక మాటన్నాడు. ఆ సంగతి చెబుతాను.

ఆ ఎండాకాలం ఎలక్షన్లు. అత్త అరుగు మీద కుండలో మజ్జిగ పెట్టేది, ఎవరొచ్చినా పోసేది. ఒకరోజు పొద్దున ఒక పార్టీ ఊరేగింపు వచ్చి కుండ ఖాళీ చేసి పోయింది. మిట్టమధ్యాహ్నం రెండో పార్టీ వచ్చింది. కుండలో చుక్క లేదు. మామ నిజాయితీగా, "ఇప్పుడే అయిపోయిందప్పా. పాలు తోడుపెట్టినాం, రేప్పొద్దున రాండి" అన్నాడు. ఎండలో నాలుక పిడచకట్టినవాడికి ఈ మాట ఎట్లా ఉంటుంది? వార్డు లీడరు ముందు నిలబడి ఖాళీ కుండనూ మామనూ మార్చి మార్చి చూశాడు.

గెలిచింది ఆ మజ్జిగ దొరకని పార్టీ.

మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చినప్పుడు వస్తాయి, రానప్పుడు రావు. మాకు దిక్కు ట్యాంకరే. ఫలితాలు వచ్చిన తర్వాత ట్యాంకరు మామ గేటు దగ్గర ఆగడం మానేసింది. అటు పక్కింటి ముందు ఆగుతుంది, ఇటు పక్కింటి ముందు ఆగుతుంది, మధ్యలో అత్త పెట్టిన డ్రమ్ము మాత్రం నోరు తెరుచుకుని ఉంటుంది. మామ డ్రైవరును అడిగాడు.

"పైనుంచి చెప్పినారన్నా, నేనేం చేసేది?" అన్నాడు వాడు.

మామ తలెత్తి పైకి చూశాడు. నిజంగా చూశాడు, నేను నా మెట్ల మీద నుంచి కళ్ళారా చూశాను. పైన మేఘం కూడా లేదు.

అక్కడి నుంచి తిన్నగా టీ బంకు దగ్గరికి పోయాడు. లీడరు మనుషులు అక్కడే కూర్చుంటారు. "మజ్జిగ అయిపోతే మేమేం చెయ్యాలప్పా? నేను ఏ పార్టీ వాన్నీ కాదు" అని మొదలుపెట్టాడు. వాళ్ళలో ఒక కుర్రోడు, పందిరి రాటకు ఆనుకుని నిలబడి, "ఈడ ఇష్టం లేకుంటే దేశం వదిలిపెట్టి పో పెద్దాయనా!" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. మామ నవ్వలేదు. కాసేపు ఆలోచించాడు.

"సరే. ఏ దేశానికి?"

కుర్రోడు ఇంకో టీ చెప్పాడు. టీవీలో విన్న మాట వాడు ఇక్కడ వాడాడు, అంతే. మామ వీధి దాటి నేరుగా నా స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "చెప్పినోళ్ళకే తెల్దంట. మనమే చూసుకోల్ల. ఫొటో తీప్పా."

నేను అది తమాషా అనుకున్నాను. మరుసటి వారం ఒక తెల్లవారుజామున షట్టరు ఎత్తుతుంటే, అత్త ప్లాస్టిక్ బిందె చంకన పెట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని, పక్క వీధి నుంచి వస్తోంది. వీధిలో వాళ్ళు అడిగితే ఇస్తారు. కానీ ఇచ్చినట్టు లీడరుకు తెలిస్తే వాళ్ళ గేటు కూడా దాటిపోతుందేమోనని భయం. అందుకని ఆమే ఎవరినీ అడగకుండా పక్క వీధికి పోయేది. మామ అంగడి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు. అత్త ఆయన్ని చూడనట్టు లోపలికి పోయింది.

"ఈ వయసులో దాని చేత బిందె మోయించినారప్పా" అన్నాడు నాతో. "నేనీడ ఉండను. దాన్ని తీసుకొని యాడికన్నా పోతా. మన గేటు కాడ ట్యాంకరు ఆపే దేశానికి పోతా."

ఆ రోజు నుంచి నేను ఆయన ఫొటోల విషయంలో వేళాకోళం ఆడలేదు. అంటే, ఎక్కువ ఆడలేదు.

ఎందుకంటే ఆడకుండా ఉండడం చాలా కష్టం. కెనడా ఫొటోకి మే నెలలో స్వెట్టరు వేసుకొచ్చాడు. "చలి దేశానికి చలి మొహం పెట్టల్ల" అని బుగ్గలు లోపలికి పీల్చుకుని కూర్చున్నాడు. చెమట కారి కళ్ళలోకి పోతోంది. న్యూజిలాండ్లో గొర్రెలు ఎక్కువని ఎవరో చెప్పారు. "మన గార్లదిన్నె పక్క మాదిరే ఉంటాదిలే. ఏం భయం లేదు" అని మామూలు మొహం పెట్టాడు. పోర్చుగల్‌కు ఏ మొహం పెట్టాలో తెలియక రెండు రకాలుగా తీయించుకున్నాడు.

ఏ దేశాన్నయినా ఆయన ఒకే ఒక ప్రశ్నతో తూచేవాడు. పుట్టపర్తికి వచ్చిన ఒక తెల్లావిడ చీరల కోసం మా వీధికి వచ్చింది. ఆమె కూర్చున్న చీరల అంగడికి మామ నన్ను లాక్కుపోయి, "అడుగప్పా, వాళ్ళ దేశంలో గవర్నమెంటు మారితే ట్యాంకరు బందు చేస్తారా అని" అన్నాడు. నా టెన్త్ ఇంగ్లీషంతా పోగుచేసి అడిగాను. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. ఇంకోసారి అడిగాను. ట్యాంకరు అంటే ఏమిటని ఆమే నన్ను అడిగింది.

ఆ సంగతి చెప్పగానే మామ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ట్యాంకరంటే ఏందో తెల్దంట! అదప్పా దేశమంటే!" అని ఆమె చేతిలోని చీర తీసుకుని అంచు నలిపి, "ఇది వద్దని చెప్పు, దీంట్లో పట్టు లేదు" అన్నాడు. అంగడివాడు మా ఇద్దరినీ తరిమేశాడు.

తర్వాత బెంగళూరు. విదేశాలకు పంపే ఆఫీసొకటి అక్కడ ఉందని విని, నన్ను తోడు తీసుకుపోయాడు. గాజు తలుపులు, చల్లగాలి, కౌంటరు వెనక పట్టుచీర కట్టుకున్న ఒక అమ్మాయి. మామకు కన్నడం మంచినీళ్ళ ప్రాయం. ఆ అమ్మాయి "అజ్జా" అని తాత వరస కలిపి పిలిచింది, ఈయన కరిగిపోయాడు. ఎంబసీలో ఎట్లా అడుగుతారో ముందుగా అలవాటు చేస్తానని ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ దేశం మీది? వచ్చిన పని ఏమిటి? ఎన్నాళ్ళుంటారు? తిరిగి పోతారని నమ్మకమేమిటి?

"తిరిగి పోను పాపా. అందుకేగా వచ్చింది" అన్నాడు మామ.

"అట్ల చెప్పకూడదు అజ్జా."

"అబద్ధం చెప్పమంటావా?"

ఆమె తల పట్టుకుని తర్వాతి ప్రశ్నకు పోయింది. మీకు తెలిసిన పనేమిటి? మామ ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకు జరిగాడు. ఆమె కొంగు చివర వేలాడుతున్న ఒక్క పోగు తెంపి, జేబులో నుంచి అగ్గిపెట్టె తీసి, గీసి, అంటించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అసలైన పట్టు అయితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది. అది ధర్మవరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇది పట్టు కాదు పాపా. నిన్ను మోసం చేసినారు."

ఆ అమ్మాయి మొహం చూడాలి. నేను చూసేలోపు పైకప్పులో ఏదో గంట గణగణా మోగింది. పొగ పసిగట్టే మిషనంట. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా మెట్ల మీద పడ్డారు. మేము కూడా పడ్డాం. కింద రోడ్డు మీద నిలబడి ఆ అమ్మాయి పాయింట్ల సంగతి చెప్పింది. వయసుకు ఇన్ని, చదువుకు ఇన్ని, పనికి ఇన్ని పాయింట్లంట. మామకు వయసుకు సున్నా వచ్చింది. చదువుకు కూడా సున్నానే.

"మరి పనికి?"

"మీ పని లిస్టులో లేదజ్జా."

తిరుగు రైల్లో హిందూపురం దాకా మామ తన పంచె అంచే నలుపుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "పాపకు ఆ చీర అంటగట్టినోడికి ఎన్ని పాయింట్లేస్తారంట?" అన్నాడు. "అది అట్లుంచు" అని కిటికీ వైపు తిరిగాడు.

నేనైతే ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. నాలుగు రోజులు గడిచాక మామ కొత్త హుషారుతో వచ్చాడు. "వాళ్ళ పాయింట్లు వాళ్ళకు. మనకు తెలిసిన పద్ధతిలో మనం చూద్దాం. నీళ్ళుండే దేశం కావల్ల మనకు. నీళ్ళు యాడుండాయో చూసేటోడు మనకున్నాడు గదా!"

మా పక్క బోరు వేసే ముందు నీళ్ళు చూపించడం ఆనవాయితీ. నీళ్ళు చూసే మనిషి అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని నేల మీద నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తనే లేచి నిలబడుతుంది. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా బోరు వేసేటప్పుడు మాత్రం పిలుస్తారు. గార్లదిన్నె పక్కన ఒక పల్లెలో అట్లాంటి పెద్దాయన ఉన్నాడు. మామ ఆయన్ని పిలిపించాడు. హైస్కూల్లో మూలన పడున్న ప్రపంచ పటం, వెనక గుడ్డ అంటించినది, అడిగి తెచ్చి పెరట్లో పరిచాడు.

ఆ పెద్దాయన పటాన్ని చూసి బెదిరిపోయాడు. "నేను పొలంలో నడుస్తా గానీ, పటం మీద యాడ నడిచినానన్నా?"

"ఇదీ భూమేనప్పా. చిన్నగ గీసినారు, అంతే."

"సగం నీలంగా ఉండాదే. సముద్రం మీద పెడితే లేస్తాది గదా?" అన్నాను నేను.

పెద్దాయన నా వైపు చాలా జాలిగా చూశాడు. "ఉప్పునీళ్ళకు లేయదు సామీ."

సరే, ఇంక మాట్లాడ్డానికేముంది? కాళ్ళు కడుక్కున్నాడు, కర్పూరం వెలిగించాడు, దండం పెట్టుకుని పటం ఎక్కాడు. మడక దున్ని బతికిన కాళ్ళు అవి. ఒక్క పాదం కింద యూరప్ మొత్తం పోయింది. "కాలు చిన్నగ పెట్టప్పా, దేశాలన్నీ కలిసిపోతాండాయి!" అని మామ చుట్టూ తిరుగుతున్నాడు. అత్త బట్టల బండ దగ్గర అంట్లు తోముతూ ఇటు చూడనట్టు చూస్తోంది. ఆఫ్రికాలో టెంకాయ కదల్లేదు. రష్యాలో ఎంతసేపు నడిచినా కదల్లేదు. మన దేశం మీద, సరిగ్గా మన అనంతపురం దగ్గర, పెద్దాయన తనే ఆశగా కాసేపు ఆగాడు. అక్కడా కదల్లేదు. చివరికి అమెరికా కింద ఇంకో అమెరికా ఉంది కదా, దాని నడుము దగ్గరికి పోయేసరికి టెంకాయ అరచేతిలో వణికి, లేచి నిటారుగా నిలబడింది.

"కదలొద్దు!" అని అరిచాడు మామ. మేమిద్దరం మోకాళ్ళ మీద కూలబడి ఆ పాదం కింద ఏ దేశముందో వెతికాం. బొటనవేలు పక్క నుంచి పేరు కనిపించింది. పరాగ్వే.

ఆ పేరు మేమెవరం వినలేదు. పటంలో దాని చుట్టూ ఎక్కడా సముద్రం లేదు. "అదీ లెక్క. మంచినీళ్ళే" అన్నాడు పెద్దాయన.

మామ నన్ను రెక్క పట్టుకుని వీధి దాటించి స్టూడియోకి లాక్కుపోయాడు. స్టూలు మీద కూర్చున్నాడు. "నవ్వొద్దు మామా" అన్నాను. సరేనన్నాడు. ఒకటి తీశాను, నవ్వు. ఇంకొకటి తీశాను, మళ్ళీ నవ్వు. పెదాలు బిగబట్టాడు గానీ మీసాలు పైకి లేచిపోతున్నాయి. "ఏం చెయ్యమంటావప్పా? దేశం దొరికింది గదా!" అన్నాడు.

మేము తిరిగొచ్చేసరికి అత్త పటం చుట్టి గోడకు ఆనించి, పెద్దాయనకు సంగటి పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, టెంకాయ చేతిలోకి తీసుకుని వెళ్ళొస్తానని పెరడు దాటుతున్నాడు. ఇందాక నిలబడిన చోటికి వచ్చేసరికి టెంకాయ మళ్ళీ లేచి నిలబడింది.

కింద పటం లేదు. ఒట్టి మన్ను.

పెద్దాయన వెనక్కి పోయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లేచింది. అత్త చేతిలో గిన్నె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"పరాగ్వే మన పెరట్లోనే ఉండాదే!"

నేను నవ్వలేక చచ్చాను. మామ మొహం మాత్రం వాడిపోయింది. "అది అట్లుంచు. పటం మీద ముందు లేచింది. నేను పోయేది పోయేదే" అన్నాడు.

"నువ్వు పో. నేను ఈ పరాగ్వేలోనే ఉంటా" అంది అత్త. అని గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, మెల్లగా అంది, "ఆ దేశం పోయి కడుపు నిండా నీళ్ళు తాగితే ఎవురు చూస్తారు? ఈడ తాగితే వాళ్ళు చూస్తారు."

జరీ వ్యాపారంలో జీవితమంతా బేరాలాడిన మనిషి, అంత మంచి బేరాన్ని ఎప్పుడూ వినలేదనుకుంటాను. చెయ్యి అడ్డం తిప్పబోయి, తిప్పలేదు. దేశాలు తిరగడానికి దాచుకున్న దుడ్లతో బోరు లారీని పిలిపించాడు.

ఆ రోజు వీధంతా అక్కడే. లీడరు మనుషులు కూడా వచ్చి గోడెక్కి కూర్చున్నారు. మిషను రాయిని పిండి చేసి పైకి చిమ్ముతోంది. తెల్లటి దుమ్ము. మామ, అత్త, నేను, గోడ మీద వాళ్ళు, అందరం రొట్టెల పిండిలో పొర్లినట్టు తయారయ్యాం. మధ్యాహ్నం దాకా దుమ్మే. గోడ మీది కుర్రోడు, అదే ఆ టీ బంకు కుర్రోడు, "పెద్దాయనా, అట్నే తవ్వితే పరాగ్వేలో తేలతావులే!" అన్నాడు. మామ ఉన్నదున్నట్టుగా "ఎంత లోతుంటాదంటావు?" అని అడిగాడు. అంతలోనే దుమ్ము రంగు మారింది. తెలుపు బూడిదరంగైంది, బూడిదరంగు బురదైంది. సన్నగా, చిన్నపిల్లాడు ఉచ్చపోసినట్టు, నీళ్ళు వచ్చాయి. అంతకంటే ఎక్కువ రాలేదు. కానీ ఆగలేదు. అత్త ఆ బురదనీళ్ళు దోసిట్లో పట్టి మొహాన కొట్టుకుని, వీధంతా చూస్తుండగా నిలబడి ఏడ్చింది.

బోరుకు వీధివాళ్ళే పరాగ్వే అని పేరు పెట్టారు. "పరాగ్వే ఆన్ చేసినారా?" "పరాగ్వే నీళ్ళు పప్పుకు శానా బాగుండాయి." మామ అంగడి కంటే ఎక్కువగా గేటు దగ్గరే ఉండేవాడు, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బెంగళూరు అమ్మాయి నేర్పిన ప్రశ్నలతో. బిందెతో వచ్చిన ప్రతి మనిషినీ మొహంలో నవ్వు లేకుండా అడిగేవాడు.

"ఏ దేశమమ్మా మీది?"

"మీ వెనకింటిది మామా, రోజూ చూస్తావు గదా!"

"వచ్చిన పని?"

"నీళ్ళకు."

"ఎన్నాళ్ళుంటావు?"

"బిందె నిండేదాకా. లోపలికి పోనీ మామా, పొయ్యి మీద అన్నం ఉండాది!"

"పో" అని చేత్తో గాలిలో స్టాంపు కొట్టేవాడు. ఆడవాళ్ళు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ లోపలికి పోయేవారు. ఎవరినీ వెనక్కి పంపలేదు. మామ అలిగి ప్రశ్నలు అడగకపోతే మాత్రం జనం బాధపడేవాళ్ళు.

తర్వాతి ఎండాకాలం ట్యాంకరువాడికీ లీడరుకూ ఏదో పేచీ వచ్చింది. ట్యాంకరు వీధి మొత్తానికీ బందయింది. ఈసారి పైనుంచి చెప్పడానికి కూడా ఎవరూ లేరు. ఒకరోజు పొద్దెక్కినాక లీడరే, స్కూటరుకు రెండు పక్కలా రెండు ఖాళీ క్యాన్లు కట్టుకుని వచ్చి, మామ గేటు ముందు ఆగాడు. బిందెల వరస మొత్తం అటు తిరిగింది. నేను కెమెరా వదిలేసి వచ్చేశాను.

మామ కుర్చీలోంచి లేవలేదు.

"ఏ దేశం?"

లీడరు మొహం ఎర్రబడింది. "ఏందన్నా ఇది..."

"అందరినీ అడుగుతా. ఏ దేశం?"

"...ఈ ఊరే అన్నా."

"వచ్చిన పని?"

"నీళ్ళు."

"చేతనైన పనేంది?"

లీడరు కాసేపు ఆలోచించాడు. "మీటింగులు పెడతాను."

"లిస్టులో లేదప్పా" అన్నాడు మామ. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. లీడరు తల వంచుకుని స్కూటరు వెనక్కి తిప్పబోయాడు. మామ చెయ్యి అడ్డం తిప్పాడు.

"అది అట్లుంచు. దిగు. ముందు మజ్జిగ తాగు. ఆ పొద్దు అయిపోయింది. ఈ పొద్దు ఉండాది."

అత్త చెంబుతో తెచ్చింది. లీడరు ఎండలో నిలబడి మొత్తం తాగాడు, గడ్డం మీదుగా కారింది కూడా. మామ ఆయన చొక్కా అంచు పట్టుకుని నలిపి చూశాడు. "మంచి సరుకే. నిలబడతాది" అన్నాడు. చొక్కా గురించే అన్నాడనుకుంటాను. క్యాన్లు తనే పట్టుకుని లోపలికి పోయాడు. పరాగ్వే తర్వాత ఆయన ఏ దేశానికీ ఫొటో తీయించుకోలేదు.

ఫోల్డరులో ఆఖరిది, అత్తకు ఇంకా చూపించనిది, పరాగ్వే ఫొటో. తెరిచాను. మీసాలు పైకి లేచి, పెదాలు బిగబట్టి, కళ్ళు మెరిసిపోతూ మామ. అత్త చాలాసేపు చూసింది.

"ఇదప్పా" అంది.

పెద్దది చేసి పటం కట్టించి, మరునాడు చంకన పెట్టుకుని పోయాను. గేటు దగ్గర బిందెల వరస ఉంది. ఎవరూ లోపలికి పోవడం లేదు. ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంటుందనుకున్నాను. అత్త కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, వీపు మాత్రం నిటారుగా ఉంది. వరస దాటుకుని గేటు లోపల కాలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ దేశమప్పా మీది?"

పటాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వరసలో ఆడవాళ్ళంతా చూస్తున్నారు.

"పరాగ్వే అత్తా."

"వచ్చిన పని?"

"మామను తెచ్చినా."

పటం వైపు చూసింది. కొంగు అంచుతో అద్దం మీద లేని దుమ్ము తుడిచింది.

"ఎన్నాళ్ళుంటాడంట?"

"ఇంక యాడికీ పోడత్తా."

గాలిలో స్టాంపు కొట్టి, "తీసుకొని రా" అంది.